మంచం పట్టిన పెద్దలకు న్యుమోనియా



కొడుకులు సూరత్ మగ్గాల మీద, ముసలి తండ్రి పాత్రపూర్‌లో మంచం మీద. మన గంజాం ఇళ్ల సంగతి ఇదే. పక్షవాతం వచ్చిన మనిషికి పడుకోబెట్టే గంజి పోస్తాం. అది పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పెట్టండి, తర్వాత అరగంట అలాగే ఉంచండి. నోరు రోజూ శుభ్రం చేయాలి. అక్కడి క్రిములే లోపలికి దిగుతాయి. మిల్లులో ఏళ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు తట్టుకునే సత్తువ ఎక్కడిది?

జ్వరం కోసం కాచుకోకండి, ముసలివాళ్లకు చాలాసార్లు రాదు. తిండి మానేసినా, మాట తడబడినా, ఆయాసపడినా "వయసైపోయింది" అనుకోక బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికి తీసుకుపోండి.

ఐదేళ్లు ఈఎస్ఐ చందా కట్టి రిటైరైనవారికి ఏడాదికి 120 రూపాయలతో దంపతులిద్దరికీ ఈఎస్ఐ వైద్యం హక్కుగా ఉంది. కాగితాలు తెచ్చుకోండి, దరఖాస్తు యూనియన్ ఆఫీసులో రాసిపెడతాం.