గడప దాకా రావాల్సిన సాంకేతికత

ఎందరికో చదువు చెప్పిన మాస్టారి పేరిట జరిగే ఈ సభలో వృద్ధుల గురించి మాట్లాడటం నాకు తృప్తిగా ఉంది. ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటారు. వాళ్ల పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్నారు. ఉయ్యూరు, గుడివాడ వైపు మంచి మంచి మేడల్లో ఇద్దరేసి ముసలివాళ్లు మిగిలారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే 1.7కు దిగింది. రేపు ఆసరా ఇచ్చే చేతులు ఇంకా తగ్గుతాయి. ఫోన్లూ మిషన్లూ సాయానికి రావాల్సిందే. ఎలా రావాలన్నదే నా ప్రశ్న.

జవాబు మన విజయవాడలోనే ఉంది. గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్ల చేతుల మీదుగా పెన్షన్ ఇంటికే వచ్చింది. దాని విలువ తెలియాలంటే చిట్టినగర్, గుణదల వైపు కొండవాలు ఇళ్లకు ఎక్కి చూడండి. ఆటో కిందే ఆగిపోతుంది. పైకి ఒక మనిషి పట్టేంత మెట్ల దారి. మోకాళ్లు అరిగిన అవ్వకు ఆ మెట్లు దిగడం గండమే. ఇప్పుడు ఒకటో తారీఖున వేలిముద్రల మిషన్ పట్టుకుని సచివాలయ ఉద్యోగే పైకి వస్తాడు. ఏళ్ల తరబడి నాట్లు వేసి, అంట్లు తోమి అరిగిన బొటనవేలి ముద్ర ఒకపట్టాన పడదు. తడిగుడ్డతో తుడిచి, ఇంకో వేలు పెట్టించి, అదీ కాకపోతే కంటిపాపో ముఖమో చూపించి డబ్బు చేతిలో పెడతాడు. మిషన్‌తో తంటాలు పడేది అతను. అవ్వ గడప మీద కూర్చునే ఉంటుంది. నేను కోరే మర్యాద ఇదే.

2024 ఎన్నికల వేళ వాలంటీర్లను పక్కన పెట్టాక, మే నెల పెన్షన్ చాలామందికి నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడింది. కాగితం మీద అది ఇంకా ఆధునికమైన పద్ధతి. ముసలివాళ్లు మాత్రం మండుటెండలో బ్యాంకుల ముందు బారులు తీరారు. జూలై 1న ఉద్యోగులు మళ్లీ తలుపు తట్టేసరికి ఊపిరి పీల్చుకున్నారు.

2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. మనవరాలి ఫొటోల కోసం వాట్సాప్ నేర్చుకున్న తాతగారికి అది దగ్గరి దారే. అయితే చూపు ఆనని మనిషి నోటితో తెలుగులో అడిగి, చెవితో విని పని ముగించుకోగలగాలి. 'డిజిటల్ అరెస్ట్' అంటూ బెదిరించేవాళ్లు ఒంటరి పెద్దలనే వెతుక్కుంటున్న రోజుల్లో, సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరు ప్రతి ఇంటి గోడ మీదా పెద్ద అక్షరాలతో ఉండాలి.

సింగపూర్‌లో 2009 నుంచి, వృద్ధులు రోడ్డు దాటేచోట తమ కార్డు తాకిస్తే పచ్చలైటు ఇంకొన్ని సెకన్లు వెలుగుతుంది. మన బెంజి సర్కిల్ దగ్గర చేతికర్రతో నిలబడ్డ మనిషిని చూసిన ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది. అదేమీ అందని విద్య కాదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మన నగరంలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ఆహారం, నీళ్లు డ్రోన్లతో అందించారు. అది గొప్ప పనే. కానీ మేడ మీద పడిన పొట్లం మంచం దిగలేని మనిషి నోటిదాకా ఎలా చేరుతుంది? ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారు, ఎవరు లేవలేరు, ఎవరికి ఇన్సులిన్ కావాలి, పక్కింటివాళ్ల నంబరేమిటి అన్న వివరాలు, వాళ్ల అనుమతితోనే, ప్రతి వార్డు సచివాలయం దగ్గరా ఉండాలి. కరెంటు పోయి ఫోన్లు ఆగిపోయే రోజు కోసం ఒక ప్రతి కాగితం మీదా ఉండాలి. ఏటా తొలకరికి ముందే ఆ ఇళ్లకు వెళ్లి సరిచూసుకోవాలి. బుడమేరు ముంచిన వార్డుల్లోనే ముందుగా ఈ పని చేపట్టమని నగరపాలక సంస్థను ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను.