బరువు పనులు – నడుము దెబ్బలు
(తుమ్మలపల్లెలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



తుమ్మలపల్లె యనగానే యెల్లరకును యురేనియపు గని జ్ఞప్తికి వచ్చును. నేడు నేను దానిని గూర్చి మాటాడబోను. మన అరటి తోటలలోను, చేలగట్లమీదను, ఎఱ్ఱగుంట్ల నాపరాతి గనులలోను జరుగుచు, ఏ పుస్తకమునను నమోదు కాని యొక ప్రమాదమును గూర్చి మనవి చేయుదును. బండ కాలిపై పడినచో ఊరంతయు వచ్చి చూచును. అదే బండ నెత్తుచు నడుము పట్టుకొని కూలబడినవానిని ‘వాతము చేసినది’ అని యింటికి పంపుదురు. మరునాటి కూలి పోవును. కొందరికి ఆ పనియే పోవును.

లెక్క చూడుడు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళముల మందము గల నాపబండ సుమారు 150 కిలోలు తూగును. ఇద్దరెత్తినచో తలకు 75 కిలోలు. పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదనియు, స్త్రీలకు అంతకంటె చాల తక్కువ యుండవలెననియు అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో జెనీవాలో సిఫారసు చేసినది. కావున ఆ బండకు నలుగురు కావలెను. నాలుగవ కూలి దండుగ యను మేస్త్రీ మాట వినకుడు.

బరువొక్కటే కారణము కాదు. చేతులు చాచి యెత్తిన బరువు, ఒడికి చేర్చి యెత్తిన బరువుకంటె నడుముపై ఎన్నో రెట్లు భారము మోపును. గడ్డపారతో రాయి పెకలించువారికి ఈ కీలకము క్రొత్త కాదు. వంగి, ఆ వంపులోనే ప్రక్కకు తిరిగి గంప నందించుట మరింత చెఱుపు. వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్ళ వెలికి జరిగి నరమును నొక్కినచో, నొప్పి తొడనుండి పాదమునకు దిగును. ఎదురుకాళ్ళతో పుట్టినవారిచే తన్నించుట మన వాడుక. దానివలన బిళ్ళ వెనుకకు పోదు. పాదము పట్టు తప్పినను, మూత్రము బిగిసినను ఆ దినమే ఆసుపత్రికి చేర్చవలెను. ఆలస్యమైనచో కాళ్ళు పడిపోవచ్చును. సాధారణపు నొప్పికి మాత్రము దినముల తరబడి మంచము పట్టుటకంటె మెల్లగా నడచుటయే మేలు.

ఇక పరిహారము మాట. 1923 నాటి నష్టపరిహార చట్టము 2020 సాంఘిక భద్రతా స్మృతిలో చేరినది. అది 2025 నవంబరులో అమలులోనికి వచ్చినది. పని శ్రమవలన దేహములోపల కలిగిన చెఱుపును ప్రమాదమే కాగలదని పాత చట్టము క్రింద న్యాయస్థానములు అంగీకరించినవి. అయితే సాక్ష్యము కావలెను. గనిలో ఎవరైన కూలబడినచో నాడే తేదీ, వేళ, ఎత్తిన వస్తువు, దాని బరువు, ప్రక్కనున్నవారి పేర్లు వ్రాయించి, యజమానికి వ్రాతమూలకముగ తెలియజేయించుడు. వైద్యుని చీటిలో ‘బరువెత్తుచుండగా’ అను మాట పడవలెను. వ్రాయలేని కూలీలకు ఆ నాలుగు పంక్తులు వ్రాసిపెట్టు పని వార్డు సభ్యులది.