జవాబు రాని ఫారాలు

(కుల్కచర్లలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం సభ్యుల ఆరోగ్య వివరాల కోసం ఫారాలు పంచింది. తిరిగి వచ్చినవి చూసి, మనవాళ్ళలో చాలామంది బాగానే ఉన్నారని ఇందాక ఒక మిత్రులు అన్నారు. సంతోషమే. అయితే దఫ్తరులో ముప్పై ఏళ్ళకు పైగా కాగితాలు తిరగేసినవాణ్ణి కాబట్టి ఒక్క మాట మనవి చేస్తాను. వచ్చిన ఫారాలు ఇచ్చినవారి సంగతే చెబుతాయి. ఇవ్వనివారెవరో కూడా చూడాలి.

1951లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పొగతాగే అలవాటు గురించి సుమారు 59,600 మంది డాక్టర్లకు ఉత్తరాలు రాశారు. పనికివచ్చే జవాబులు 40 వేల పైచిలుకు వచ్చాయి. అంతా డాక్టర్లే, అయినా దాదాపు మూడో వంతు మంది నుండి సరైన జవాబు లేదు. తర్వాత మరణాల లెక్క తీస్తే, మొదటి సంవత్సరాల్లో జవాబిచ్చినవారిలో మరణాలు మొత్తం డాక్టర్లలో కంటే తక్కువ. ఉత్తరం రాస్తే ఆయుష్షు పెరిగిందని కాదు. అప్పటికే మంచం పట్టినవారు కలం పట్టలేకపోయారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గింది.

ఈ తేడా తెలిసింది రిజిస్టరు ఉండబట్టే. మన దగ్గరా డాక్టర్ల పేర్లు మెడికల్ కౌన్సిల్లో, ఫార్మసిస్టుల పేర్లు ఫార్మసీ కౌన్సిల్లో నమోదై ఉంటాయి. వారిని సర్వే చేసేవారు జవాబివ్వనివారి వయసు, ఆడా మగా, పట్నమా పల్లెనా అన్నది సరిచూసుకోవచ్చు. ఒక్కరే ఫార్మసిస్టు ఉన్న ఆసుపత్రిలో, ముందు క్యూ పెట్టుకుని మందులిచ్చే మనిషికి ఫారం నింపే తీరిక ఏది? ఆయన జవాబు రాకపోతే, పని ఒత్తిడి పెద్దగా లేదని లెక్క తేలుతుంది!

మన రాష్ట్రం సంగతే చూడండి. 2014 ఆగస్టు 19న ఒక్కరోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, లెక్కలో ఉండాలని బొంబాయికి వలసపోయినవారు సైతం బస్సులెక్కి వచ్చారు. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వేలో 96.9 శాతం కుటుంబాలు లెక్కకొచ్చాయి. మిగిలింది 3.1 శాతమే అయినా, అవి మూడున్నర లక్షలకు పైగా కుటుంబాలు. తాళం వేసిన ఇల్లు వేరు, తలుపు తీసి వివరాలు చెప్పమన్న ఇల్లు వేరు. అందుకే ప్రభుత్వం 2025 ఫిబ్రవరి 16 నుండి 28 వరకు మళ్ళీ అవకాశమిచ్చింది.

మన సంఘానికీ సభ్యత్వ రిజిస్టరు ఉంది. ఫారం ఇవ్వనివారి పేర్ల పక్కన టిక్కు పెట్టి చూడండి. ఎనభై దాటినవారెందరు, ఫ్యామిలీ పింఛను మీద ఉన్న అక్కలెందరు, కొడుకుల దగ్గరికి హైదరాబాదు వెళ్ళినవారెందరు, తండాల్లో ఉన్నవారెందరు? చూపు ఆననివారు, చెయ్యి వణికేవారు అందులోనే ఉంటారు. మందుల ఖర్చు గురించి మనం ప్రభుత్వానికి మహజరు ఇచ్చేటప్పుడు వారి లెక్క లేకపోతే, మన మాటకే బలం తగ్గుతుంది.

ట్రెజరీలో లైఫ్ సర్టిఫికెట్ అందకపోతే పింఛను ఆగుతుంది. అంతమాత్రాన మనిషి లేడని కాదు గదా!

కాబట్టి నడవగలిగినవారు తలా రెండిళ్ళకు వెళ్ళి, చదివి వినిపించి, ఫారం నింపించి తీసుకురావాలని కోరుతున్నాను. పిల్లలూ ఈ పనిలో సాయపడాలి. అంతవరకు శాతాలు ప్రకటించవద్దని కార్యవర్గానికి నా విన్నపం.