ఉరికంబము ఎదుట సంఘము
(శతవార్షికోత్సవ కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ కూటములలో మాకు ఇయ్యబడిన అంశము "మరణశిక్ష – క్రైస్తవ దృక్పథము". పట్టణములలో న్యాయవాదులు, పత్రికలవారు ఈ అంశముపై చాలకాలముగా వాదించుచున్నారు. అయితే ఇది మనకు దూరపు మాట కాదు. ఖమ్మము దాటి కొత్తగూడెము, భద్రాచలము, దుమ్ముగూడెము వైపు అడవి అంచున కాపురముండు మనము హత్య అనగా ఏమో ఎరుగుదుము. పొలము గట్టు తగాదాలో గొడ్డలి లేచుటయు, చేతబడి చేసినదను అనుమానముతో ముసలివారిని చంపుటయు, ఇన్ఫార్మరని ఒకరిని, నక్సలైటని మరియొకరిని బలిగొనుటయు ఈ ప్రాంతము చూచినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాస్టరేటులోని ఒక గ్రామమున గట్టు తగాదాలో ఒక యౌవనస్థుడు చంపబడెను. చంపినవాడును మన సంఘస్థుడే. భూస్థాపనయైన మూడవ దినమున మేము ప్రార్థనకు ఆ ఇంటికి వెళ్లగా తల్లి మమ్మును అడిగినది: "అయ్యగారూ, నా కొడుకును నరికినోడికి ఉరి పడాలని ప్రార్థన చెయ్యండి. చేస్తారా, చెయ్యరా?"

మేము వేదాంత కళాశాలలో నీతిశాస్త్రము చదివినవారము. ఈ అంశముపై పరీక్షయు వ్రాసినవారము. ఆ పూట ఒక్క మాటయు నోట రాలేదు. ఆమె ప్రక్కన చాపమీద కూర్చుండి, ఆమె ఏడ్చినంతసేపు ఉండి, ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పి వచ్చితిమి. ఈ ప్రసంగము ఆనాడు చెప్పలేని జవాబును చెప్పుటకు చేయు ప్రయత్నమని ఎంచుడి.

మొదట వాక్యమును చూతము. మరణశిక్ష ఉండవలెనను విశ్వాసులు ఆదికాండము 9వ అధ్యాయమును, రోమా పత్రిక 13వ అధ్యాయమును చూపుదురు. మనుష్యుడు దేవుని స్వరూపమందు చేయబడెను గనుక నరహత్య చిన్న నేరము కాదు. అధికారి చేతిలోని ఖడ్గము ఊరకే ఉన్నది కాదు. ఈ మాటలను తేలికగా త్రోసివేయరాదు. ఆ తల్లి కొడుకు ప్రాణమునకు విలువ ఉన్నదని చెప్పునవి ఈ మాటలే.

అయితే అదే గ్రంథములో మొదటి హంతకుడైన కయీనును దేవుడు శిక్షించెను గాని చంపలేదు. ఎవడును వానిని చంపకుండ గురుతు వేసెను. మోషే ధర్మశాస్త్రము ఒక్క సాక్షి మాటమీద ఎవనికిని మరణము విధింపరాదని కట్టడి చేసినది. పొరబాటున ప్రాణము తీసినవాడు పారిపోయి బ్రదుకుటకు ఆశ్రయపురములను ఏర్పరచినది. యోహాను సువార్త 8వ అధ్యాయములో రాళ్లు పట్టుకొని వచ్చినవారు చట్టము చూపియే వచ్చిరి. ప్రభువు వారిని తమ హృదయములు చూచుకొనునట్లు చేసెను. ఆ ప్రభువే పిమ్మట అన్యాయపు తీర్పు పొంది, ఇద్దరు నేరస్థుల మధ్య మరణశిక్ష అనుభవించెను. న్యాయస్థానము తప్పు తీర్పు ఇయ్యగలదనుటకు క్రైస్తవునికి వేరొక సాక్ష్యము కావలెనా?

ఇక మన దేశపు చట్టము మాట. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ శిక్ష క్రమముగా అరుదగుచు వచ్చినది. 1973లో చేసిన క్రిమినల్ ప్రొసీజర్ కోడు ప్రకారము ఉరి వేయుటకు న్యాయమూర్తి ప్రత్యేక కారణములు వ్రాయవలసివచ్చెను. 1974లో మన ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ గారు, ఆమె చేసినది ఘోరమైన జంటహత్యయే అయినను, ఆమె చిన్న వయస్సును, అత్తవారింట వెళ్లగొట్టబడిన ఆమె దురవస్థను, ఆమెకున్న బిడ్డను తలంచి ఉరిని యావజ్జీవముగా మార్చిరి. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అరుదైన వాటిలోకెల్ల అరుదైన కేసులలోనే ఉరి వేయవలెననెను. 1967లో ఉరిశిక్ష ఉంచవలెనని చెప్పిన లా కమిషనే 2015లో ఉగ్రవాద నేరములకు, దేశముపై యుద్ధము చేసిన నేరములకు తప్ప దానిని తీసివేయవలెనని సిఫారసు చేసెను. అయినను 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను హత్యకు మరణశిక్ష నిలిచియున్నది.

ఈ శిక్ష ఎవరి మెడకు చుట్టుకొనుచున్నది? ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము 2016లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము మరణశిక్ష పడిన ఖైదీలలో నలుగురిలో దాదాపు ముగ్గురు ఆర్థికముగా బలహీనులు. మంచి వకీలును పెట్టుకొనలేనివాడే ఉరికంబమునకు దగ్గరగా నిలుచుచున్నాడు.

మన తెలుగు ప్రాంతములోనే జరిగిన రెండు సంగతులు చెప్పుదుము. ఆదిలాబాదు జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను భూస్వాముల హత్య కేసులలో 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీ దినములలో, హైదరాబాదు ముషీరాబాదు జైలులో ఉరితీసిరి. ఎందరో పెద్దలు క్షమాభిక్షకై మొరపెట్టిరి; ఫలింపలేదు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలములో గాంధీ ఆసుపత్రి ఉన్నది. ప్రాణము తీసినచోటనే ప్రాణము నిలుపుటకు నేడు వైద్యులు పాటుపడుచున్నారు. అయితే పోయిన ప్రాణములు తిరిగి రావు.

రెండవది చిలకలూరిపేట సంగతి. 1993 మార్చి 8న ఇద్దరు యువకులు బస్సులో ప్రయాణికులను దోచుకొనదలచి పెట్రోలు పోసి నిప్పంటింపగా 23 మంది కాలిపోయిరి. ఇంతకంటె భయంకరమైన చావు తలంచుటకే కష్టము. ఆ ఇద్దరు పేద దళిత కుటుంబములవారు. సుప్రీంకోర్టు 1996లో వారి ఉరిని ఖాయపరచెను. 1997లో ఉరి దినము దగ్గరపడగా హక్కుల సంఘములవారు, రచయితలు పూనుకొని ఆపించిరి, రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు 1998లో దానిని యావజ్జీవముగా మార్చిరి. మేము దీనిని దేవుని కృప అనుకొంటిమి. అయితే మమ్మును మేము ప్రశ్నించుకొంటిమి: ఆ ఇద్దరి ప్రాణములకై సంతకములు చేసిన మనవంటివారిలో కాలిపోయిన 23 మంది ఇండ్లకు వెళ్లినవారెందరు?

మన అడవికి తూర్పున ఒడిశా ఉన్నది. అక్కడ మనోహరపూర్ గ్రామములో 1999 జనవరిలో గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన చిన్న కుమారులు ఫిలిప్, తిమోతిలను జీపులో సజీవదహనము చేసిరి. విచారణ కోర్టు 2003లో ప్రధాన నిందితునికి ఉరి విధించెను. హైకోర్టు 2005లో యావజ్జీవముగా మార్చగా, సుప్రీంకోర్టు 2011లో దానినే నిలిపెను. భర్తను, బిడ్డలను పోగొట్టుకొన్న గ్లాడిస్ స్టెయిన్స్ గారు హంతకులను క్షమించితినని బహిరంగముగా చెప్పిరి. ఆమె చెప్పదగును, ఏలయనగా నష్టము ఆమెది. ఆమె పేరు చెప్పి ఇతర తల్లులను తొందరపెట్టుటకు మనకు హక్కు లేదు.

మరియొక సంగతి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర ఒక యువ వైద్యురాలి హత్యకేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పులలో చనిపోయినప్పుడు జనులు మిఠాయిలు పంచిరి. మన సంఘములలోను కొందరు స్తోత్రమనిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషను 2022లో, ఆ కాల్పులు చంపవలెనను ఉద్దేశముతోనే జరిపినవని తేల్చెను. కోర్టు ఆలస్యము జనులను విసిగించినదని ఎరుగుదుము. విసుగు పుట్టినంత మాత్రమున విచారణ లేని చావు న్యాయము కానేరదు. అడవి అంచున ఉన్న మనకు ఇది ఇతరులకంటె ఎక్కువగా తెలియవలెను.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు జవాబు. అమ్మా, నీ కొడుకును చంపినవానికి శిక్ష పడవలెనని ప్రార్థింతుము. సాక్షులు భయపడక నిజము చెప్పవలెనని ప్రార్థింతుము. వాడు చావవలెనని మాత్రము ప్రార్థింపలేము. నీ శోకము చిన్నదని కాదు. ప్రాణము మరల ఇయ్యలేని మనుష్యులము దానిని తీసికొనుటకు తగినవారము కాము గనుక. అయితే ఈ మాట చెప్పు నోరు ముందు హతుని ఇంట ఏడ్చిన నోరై యుండవలెను. ఆ ఇంటి గడప త్రొక్కక ఉరి వద్దని తీర్మానములు చేయు సంఘము సగము సువార్తనే చెప్పుచున్నది.

ఆ కేసులో సెషన్సు కోర్టు యావజ్జీవము విధించెను. పెద్దలు ఆ సంవత్సరము కోతపండుగ ధాన్యములో కొంత ఆ తల్లి ఇంటికిని, కొంత జైలుకు వెళ్లినవాని భార్యాబిడ్డల ఇంటికిని పంపిరి. రెండవ ఇంటికి ఏల పంపవలెనని సంఘములో గొడవ జరిగినది. కొందరు చందా మానివేసిరి. ఆ తల్లి మాత్రము గొడవ చేయలేదు. ఆమె క్షమించినదని మేము చెప్పము. మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పటికిని ఇద్దరు స్త్రీలు ఆరాధనలో దూరదూరముగానే కూర్చుందురు. అయితే ఒకే బల్లయొద్దకు వచ్చుచున్నారు.

ప్రియులారా, నూరు సంవత్సరములు నిండిన మన అధ్యక్షఖండమునకు ఈ వివాదములో పని ఉన్నది. హత్య జరిగిన ఇంటికి మొదట వెళ్లుడి. జైలులో ఉన్నవానిని మరువకుడి. కోర్టులో నిజము చెప్పుడి. అబద్ధ సాక్ష్యము పలుకకుడి. అటుపిమ్మట ఉరి వద్దని ధైర్యముగా పలుకుడి. ఇద్దరు నేరస్థుల మధ్య వ్రేలాడిన ప్రభువు ఆ మాటకు బలమిచ్చును గాక. ఆమేన్.