రిజిస్టరు చేయించకపోతే హక్కు పోతుందా?



పోయిన ఏడాది మన సంఘ సభ్యుడొకరు, పెళ్లిపాటలు రాసే మనిషి, మా దగ్గరకొచ్చి దిగులుగా కూర్చున్నారు. ఆయన పాటలు పన్నెండు, ఒక కంపెనీవాళ్లు వేరొకరి పేరు పెట్టి విడుదల చేశారట. "రిజిస్టరు చేయించలేదు గదండీ, ఇంక నోరెత్తే హక్కు నాకెక్కడిది?" అన్నారు. పాటలు పోయినందుకు కంటే ఆ మాటకే మాకు ఎక్కువ బాధ వేసింది. ఎందుకంటే అది తప్పు.

మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాట రాసినప్పుడే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. బెర్న్ ఒప్పందంలో 1908లోనే, హక్కుకు ఏ లాంఛనమూ అక్కరలేదని దేశాలు రాసుకున్నాయి. ఆ హక్కు రచయిత బతికినన్నాళ్లూ, పోయిన తరువాత 60 ఏళ్లూ ఉంటుంది. అంటే పిల్లలకు మిగిలే ఆస్తే గదా!

మరి ఢిల్లీలో ఆ రిజిస్టరు దేనికంటారా? సాక్ష్యానికి. అందులో పేరుంటే కోర్టు దాన్ని ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది, కాదనేవాడే రుజువు చూపాలి. పాటకు రుసుము 500 రూపాయలు. చేయిస్తే మంచిదే. చేయించనివారు సాక్ష్యం తామే కూడగట్టుకోవాలి. తనకు తానే కవరు పోస్టు చేసుకుంటే చాలని కొందరంటారు గాని, చట్టంలో ఆ మాట ఎక్కడా లేదు.

ఇంకొకటి. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాత, సంతకం ఉండాలి. నోటిమాట చెల్లదు. గడువు రాయకపోతే ఐదేళ్లే. మన సోదరుడు ఎక్కడా సంతకం పెట్టలేదు, అల్లా దయ.

అక్కచెల్లెళ్లకు మాత్రం వేరే హెచ్చరిక. బట్టల మీద వేసే నమూనాల సంగతి పాటల్లాంటిది కాదు. డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయదగిన నమూనాను చేయించకుండా వదిలేసి, మీరో మీ అనుమతి పొందినవారో పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి వస్తువులు తీస్తే, దాని మీద కాపీరైటు పోతుంది. బజారులో పెట్టకముందే రిజిస్టరు చేయించుకోవాలి.

ఆ సోదరుని దగ్గర తేదీలు వేసిన నోటుపుస్తకం ఉంది. వకీలు ద్వారా నోటీసు పంపాము, జవాబు రాలేదు. ఆయన పాటలు పెళ్లిళ్లలో విన్నవారు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. ఏ ఊళ్లో, ఏ ఏడాది విన్నారో రాసి, సంతకం చేసి, భోజనాలకు లేవకముందే మాకు ఇవ్వండి.