నిజమైన క్రైస్తవుడెవరు? కార్తేజి వివాదం

నిజమైన క్రైస్తవుడెవరు? ఒకప్పుడు ఉత్తర ఆఫ్రికా సంఘాన్ని ఈ ప్రశ్నే నిలువునా చీల్చింది.

303లో రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవ గ్రంథాలను తగలబెట్టమన్నాడు. కొందరు ప్రాణాలిచ్చారు. కొందరు భయపడి గ్రంథాలు అప్పగించారు. హింస ఆగాక గొడవ మొదలైంది. అప్పగించినవాళ్లు ఇచ్చే బాప్తిస్మం చెల్లుతుందా?

చెల్లదన్నారు బిషప్పు డొనేటస్ అనుచరులు, అంటే డొనేటిస్టులు. హతసాక్షుల జ్ఞాపకం వాళ్లకు ప్రాణం. ఆ బాధను తేలిగ్గా తీసిపారేయకూడదు.

చెల్లుతుందన్నాడు హిప్పో బిషప్పు అగస్టీన్. బాప్తిస్మం క్రీస్తుది, ఇచ్చే మనిషిది కాదు. గోధుమలూ గురుగులూ కోత దాకా కలిసే పెరుగుతాయన్న సువార్త ఉపమానాన్ని గుర్తుచేశాడు.

411లో ఇరుపక్షాల బిషప్పులు వందలాదిగా ఉత్తర ఆఫ్రికా నగరమైన కార్తేజిలో వాదించారు. అగస్టీన్ పక్షం గెలిచింది. తర్వాత ప్రభుత్వం డొనేటిస్టులను బలవంతంగా లొంగదీసింది. దాన్ని అగస్టీన్ సమర్థించడం బాధాకరం.

అయినా ఆ మాట నిలిచింది: బాప్తిస్మం క్రీస్తుది. పాదిరి తప్పు చేసినా ఆయనిచ్చిన బాప్తిస్మం చెల్లుతుందని కాథలిక్కులు, లూథరన్లు నేటికీ అంటారు.