ప్రశ్న ఎవరిది, పొలం ఎవరిది

జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి బస్సులు మారి వచ్చిన రైతులారా, ముందు వరుస కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, దయచేసి వచ్చి కూర్చోండి. రైతుల కోసం పెట్టిన సభలో కూడా రైతులు వెనకే ఎందుకు నిలబడతారన్నది ఈనాటి విషయంలో భాగమే.

నాకిచ్చిన అంశం శాస్త్రవేత్తలూ రైతులూ కలిసి చేసే పరిశోధన. ఈ మాటకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. ‘రైతుల భాగస్వామ్యం’ అని రాయని ప్రాజెక్టు కాగితం దొరకదు. తీరా చూస్తే విత్తనం శాస్త్రవేత్తలది, పద్ధతి వాళ్లది, గట్టు మీద ఫ్లెక్సీ వాళ్లది. పొలం మాత్రం రైతుది. పంట పోతే నష్టమూ రైతుదే. ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో తేల్చేటప్పుడు రైతు లేకపోతే, ప్రయోగం చెడినప్పుడు శాస్త్రవేత్త లేకపోతే, దానికి నేను భాగస్వామ్యమని పేరు పెట్టను. పొలం అరువు తీసుకోవడం అంటాను.

సరిగ్గా జరిగిన సందర్భం ఒకటి మన దగ్గరే ఉంది. 1980ల చివర తెలంగాణ చెలకల మీద ఎర్ర గొంగళి పురుగు విరుచుకుపడింది. కొన్ని ఊళ్లలో దాన్ని బొంతపురుగు అంటారు. ఆముదం, జొన్న, వేరుశనగ మొలిచీ మొలవకముందే గుంపులుగా వచ్చి నాకేసేది. ఒక చెలక ఖాళీ చేసి పక్క చెలకలోకి పాకేది. ఒంటినిండా నూగు కాబట్టి ఎదిగిన పురుగు మీద మందు కొట్టినా పెద్దగా పనిచేయదు. రైతు అప్పు చేసి డబ్బా కొనేవాడు, కొట్టేవాడు, మళ్లీ విత్తేవాడు.

దీని బతుకు చూడండి. ఏడాదిలో ఎక్కువ కాలం కోశస్థ దశలో మట్టిలోనే ఉంటుంది. తొలకరి గట్టిగా పడిందా, రెక్కల పురుగులు ఒక్కుమ్మడిగా లేస్తాయి. రాత్రి వెలుతురుకు వస్తాయి. గుడ్లు పెట్టకముందే వాటిని మంటకు రప్పించగలిగితే సగం పని అయినట్టే. వెలుతురుకు వస్తాయని పుస్తకంలో ఉంది. ఫలానా ఊళ్లో తొలి వానకు ఏ దిక్కు చెలకలో ముందు లేస్తాయో పుస్తకంలో లేదు, అది ఆ చెలక దున్నేవాడికే తెలుసు.

1989 నుంచి 1993 దాకా సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే సంస్థ, వ్యవసాయ శాఖ, భారత వ్యవసాయ పరిశోధనా మండలి శాస్త్రవేత్తలు, ఊళ్లలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు కలిసి ఈ పురుగు మీద పనిచేశాయి. జనగామ ప్రాంతంలో క్రాప్స్ సంస్థ ఆ పని అందుకుంది. వేసవి దుక్కులు, ఊరంతా ఒకే సాయంత్రం మంటలు, పొలం చుట్టూ కందకం. కందకంలో జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేస్తే పాకే పురుగు అక్కడే ఆగుతుంది, అక్కడే చంపేయొచ్చు. ఖరీదైన సరుకు ఒక్కటీ లేదు.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది మంటల లెక్క. ఒక్కడే తన చెలకలో మంట వేస్తే ఏమవుతుంది? పక్కవాళ్ల పురుగులు కూడా అతని దగ్గరికే వస్తాయి. మంచి పని చేసినవాడే మునుగుతాడు. అందుకని ఈ ప్రయోగానికి మడి, ప్లాటు సరిపోవు, ఊరే ప్రయోగశాల కావాలి. అది కావాలంటే కొట్టుకునే పాలివాళ్లు కూడా ఒకే సాయంత్రం కట్టెలు మోయాలి. కీటకశాస్త్రం చదివినవారు ఆనాడు పంచాయితీ కూడా నేర్చుకోవలసి వచ్చింది. ఇంగ్లండులోని సస్సెక్స్ నుంచి వచ్చిన పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ 1989–91 మధ్య హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి, గ్రామస్థులే నేల మీద ముగ్గుతో పటాలు గీసి తమ ఊరిని తామే విశ్లేషించుకునే పద్ధతులకు రూపు దిద్దుతున్నదీ ఆ ఏళ్లలోనే. ప్రపంచమంతా ఆయన పుస్తకాలు చదివింది. మన మంటల గురించి మనవాళ్లే పెద్దగా రాసుకోలేదు.

ఆ పని నుంచే పురుగుమందు లేని సాగు అన్న ఆలోచన బలపడింది. పొగాకు పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా చేసిన ఎం.ఎస్. చారి వంటి శాస్త్రవేత్తలు దాని వెనక నిలబడ్డారు. 2004లో పాల్వంచ దగ్గరి పునుకుల పురుగుమందులు మానేసిన ఊరుగా ప్రకటించుకుంది. జనగామ జిల్లా లింగాలఘనపూర్ మండలంలోని ఏనబావి ఇంకో అడుగు వేసింది. క్రాప్స్, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడుండగా ఎరువులు కూడా మానేసి, 2006లో ఊరు ఊరంతా రసాయనాలు లేని సాగుకు కట్టుబడింది. చిన్న ఊరు అది. అదే మేలు చేసిందనుకుంటాను, ఒకరు దొంగచాటుగా డబ్బా తెచ్చినా పొద్దుగూకేలోపు అందరికీ తెలిసిపోతుంది.

ఏనబావికి బస్సులేసుకుని వెళ్లి చూసి వచ్చినవాళ్లకు లెక్కలేదు. ఎందరు వెళ్లినా అలాంటి ఊళ్లు పదులూ వందలూ ఎందుకు కాలేదన్నది పరిశోధించదగ్గ ప్రశ్న. పురుగుమందు బదులు కొట్టే కషాయం కాచడానికి పట్టే కూలి లెక్క, పశువులు తగ్గిన ఇళ్లలో పేడకు ఎక్కడికి పోవాలన్న లెక్క తీయకుండా ‘ఏనబావిని చూసి నేర్చుకోండి’ అనడం సులువు. వేపగింజల కషాయం అయిదు శాతం అని కాగితం మీద రాస్తాం. అంటే వంద లీటర్ల నీళ్లకు అయిదు కిలోల పప్పు. ఆ గింజ ఏరేది, ఎండబెట్టేది, దంచేది ఎవరు? ఆడవాళ్లు. వాళ్ల కూలి ఏ దిగుబడి పట్టికలోనూ కనిపించదు.

కొలత గురించి ఇంకో మాట. 1997–98లో ఉమ్మడి వరంగల్ పత్తి రైతుల చావులు దేశాన్ని కుదిపాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఎకరానికి ఎంత మిగిలిందన్న దాని మీద విత్తన కంపెనీ ఒక మాట, రైతులు ఇంకో మాట. వ్యవసాయ శాఖలో జాయింట్ డైరెక్టరుగా చేసిన అబ్దుల్ ఖయ్యూం, శాస్త్రవేత్త కిరణ్ సక్కరి వరంగల్ ఊళ్లలో పంట కాలమంతా రైతుల వెంట ఉండి ఖర్చులూ రాబడీ రాసుకున్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు కెమెరా పట్టుకుని ఆ రైతుల మాటలు చిత్రించారు. బీటీ వేసినవారికి వేయనివారికన్నా తక్కువ మిగిలిందని 2003లో ఆ నివేదిక తేల్చింది. దాని మీద వాదాలు నడిచాయి, నడవాలి కూడా. 2005లో మెక్–12, మెక్–162, మెక్–184 అనే బీటీ పత్తి రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. తర్వాత వేరే బీటీ హైబ్రిడ్లే పొలాలన్నీ కమ్ముకున్నాయి, కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు వాటికీ లొంగకుండా పోయింది. ఆ తగవు ఇక్కడ తీర్చబోను. పంట కోశాక వచ్చి ‘ఎంత పండింది?’ అని అడిగేవాడికీ, విత్తిన నాటి నుంచి అప్పు చిట్టీతో సహా చూసినవాడికీ ఒకే పొలంలో రెండు ఫలితాలు కనిపిస్తాయి. అంతవరకు ఖాయం.

పని ఒకరిది, పేరు మరొకరిది అన్నదానికి వరి సంగతి క్లుప్తంగా చెప్తాను. వరంగల్ ప్రాంతం ఉల్లికోడుకు పేరుమోసిన నేల. ఆ పురుగును తట్టుకునే డబ్ల్యూ 1263 అనే వంగడం ఇక్కడి పరిశోధనా స్థానం నుంచి వెళ్లి, ఎన్నో కొత్త రకాలకు నిరోధక శక్తినిచ్చింది. ఆ శక్తి దానికి ఈశ్వరకోర అనే పాత దేశవాళీ వరి నుంచి వచ్చింది. ఈశ్వరకోరను తరాలుగా విత్తనానికి దాచినవాళ్ల పేర్లు ఏ పత్రంలోనూ లేవు.

మిర్చి దగ్గర కాస్త ఆగుతాను, మహబూబాబాద్ వాళ్లు ఎదురుచూస్తున్నారు. 2021–22 పంటలో పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. పూలు రాలాయి, కాయ నిలవలేదు. దొరికిన మందల్లా కలిపి కొట్టారు, పురుగును తినే మిత్ర పురుగులు కూడా పోయాయి, ఉధృతి తగ్గలేదు. రైతుల చావులు పత్రికలకెక్కాయి. ఈ పురుగు మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనబడింది. మిర్చి పూతలో ఏదో కొత్త నల్లపురుగు ఉంటే ముందుగా కంటపడేది మాత్రం తోటలో కాయ కోసే కూలీలకే. ఆ మాట తోట నుంచి పరిశోధనా స్థానానికి చేరే దారి మన దగ్గర లేదు. పై నుంచి కిందికి సలహా వచ్చే దారి మాత్రం వాట్సాప్ దాకా ఉంది.

ఆ తర్వాత ఒక తండాలో నీలి జిగురు అట్టలు కట్టించే కార్యక్రమానికి నేనూ వెళ్లాను. అట్ట నిండా పురుగులు అంటుకున్నాయి, అధికారి సంతోషపడ్డాడు. ఒక పెద్దావిడ అట్టను ఎండకు పట్టి కాసేపు చూసి అడిగింది: “సారూ, గివన్నీ మన పూత తినేటియేనా? అండ్ల మంచియి ఎన్ని వొయినయి?” ఎవరూ జవాబు చెప్పలేదు. ఒక్కో పువ్వులో ఎన్ని తామర పురుగులున్నాయో మా దగ్గర లెక్క ఉంది, ఆమె అడిగిన లెక్క లేదు. ఒక ఎంఎస్సీ విద్యార్థికి ఒక పంట కాలం పని అది. ఆమె పేరు కూడా పెట్టి రాయదగ్గ పత్రం.

ఇదే మహబూబాబాద్ జిల్లాలో, మల్యాలలోని జేవీఆర్ ఉద్యాన పరిశోధనా స్థానం చేసిన మంచి పని కూడా చెప్పాలి. చపాటా మిర్చి మీకు తెలుసు. పొట్టిగా, లావుగా, టమాటలా ఎర్రగా ఉంటుంది. రంగు ఎక్కువ, కారం తక్కువ, పచ్చళ్లకు పేరు. కంపెనీ ప్యాకెట్టు కాదది. కల్లంలో మంచి కాయ ఏరి విత్తనానికి దాచుకుంటూ రైతులు నిలబెట్టుకున్న రకం. దానికి భౌగోళిక గుర్తింపు కోసం తిమ్మంపేట మిర్చి రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు పెడితే, మల్యాల స్థానం, ఉద్యాన విశ్వవిద్యాలయం వెంట నిలబడ్డాయి. 2025లో గుర్తింపు వచ్చింది. రంగెంత, కారమెంత అని ప్రయోగశాలలో తేల్చి రాయడం రైతు చేయలేనిది. ఏటేటా కాయ ఏరడం శాస్త్రవేత్త చేయనిది. ఇక్కడ దరఖాస్తు మీద రైతుల కంపెనీ పేరే ఉంది. నాకు నచ్చింది ఇదే.

ఇక ప్రయోగానికి ఎవరి పొలం ఎంచుకుంటున్నాం? రోడ్డు పక్కది, బోరున్నది, పట్టా ఉన్నది. కౌలుదారు పొలం పనికిరాదు, వచ్చే ఏడు అతను ఉంటాడో లేడో. భూపాలపల్లి అడవి అంచున పోడు చేసుకునే కోయవారి చేను పనికిరాదు, జీపు పోదు. ఇలా ఏరిన పొలాల్లో పండిన దిగుబడిని జిల్లా మొత్తానికి సిఫారసు చేస్తాం. వర్షాధారపు చెలకలో అది పండకపోతే రైతు సరిగా పాటించలేదంటాం.

మనకు వ్యవస్థలు లేక కాదు. రైతులు పొలంలోనే చూసి నేర్చుకునే పొలంబడి ఉంది. 1989లో ఇండోనేషియాలో సుడిదోమ బాధ నుంచి పుట్టిన పద్ధతి అది. అక్కడి ప్రభుత్వం అంతకు మూడేళ్ల ముందే 57 రకాల పురుగుమందుల్ని వరి మీద నిషేధించింది కాబట్టి రైతు నేర్చుకున్నది నిలిచింది. శాస్త్రవేత్తలు రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రాలున్నాయి. కొత్త వంగడం విడుదలకు ముందు రైతుల పొలాల్లో వేసి చూసే చిరుసంచులున్నాయి. వరంగల్‌లో మధ్య తెలంగాణ మండల పరిశోధన, విస్తరణ సలహా సమావేశం జరుగుతుంది. ఎజెండా మాత్రం ముందే అచ్చయి వస్తుంది. రైతు ప్రతినిధికి చివర్లో అయిదు నిమిషాలిస్తారు, అప్పటికి భోజనాల వేళవుతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల వరకు నా కోరిక పెద్దదేమీ కాదు. ఆ సమావేశం ఉదయం మొదటి గంట రైతులకివ్వండి, ఒక కౌలు రైతు, ఒక కాయకోత కూలీ, ఒక పోడు రైతు తప్పకుండా ఉండేలా. వాళ్లు అడిగిన వాటిలో కనీసం ఒక ప్రశ్నను ఆ ఏటి పరిశోధనా కార్యక్రమంలో చేర్చండి, ఏమైందో మరుసటి ఏడు అదే గంటలో చెప్పండి. చిరుసంచి ఇచ్చేటప్పుడు, ఈ రకం విఫలమైతే ఎకరానికి ఇంత చెల్లిస్తామని ఆ సంచి మీదే అచ్చు వేయండి. నిధులు లేవంటారని తెలుసు. క్షేత్ర దినోత్సవాల టెంట్లకూ ఫ్లెక్సీలకూ పెట్టే పద్దులోంచి తీయండి.